హోర్డింగు మీద శంకరమ్మ

శంకరమ్మకు కోపం ఎక్కువని మా ఊళ్లో అంటారు. ఆ మాట అనేవాళ్లలో సగంమంది ఆమె చేలో చామంతులు కోసి కూలి తీసుకున్నవాళ్లే. ఆ కోపం దేనిమీదో అడిగితే మాత్రం నవ్వి ఊరుకుంటారు. నాకు ఆ నవ్వు నచ్చదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది మొయినాబాద్ నుంచి చిల్కూరు పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి వెళ్తే వచ్చే చిన్న ఊరు. శంకరమ్మ చేను ఊరికి ఉత్తరాన ఎత్తు మీద ఉంటుంది. చేలో ఒక పక్కన ఏనుగు కూర్చున్నంత గుండురాయి. ఆ రాయి పక్కన నిలబడితే కింద గండిపేట చెరువు నీళ్లు, నీళ్లకు అవతల కోకాపేట కనబడతాయి. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో అవతల గట్టున బండలు, తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. గచ్చిబౌలి దిక్కు కంప్యూటర్ కంపెనీలు దిగాక మొదట ఒక క్రేన్ లేచింది. తర్వాత క్రేన్లు గుంపుగా లేచాయి. చూస్తుండగానే ఆ గట్టంతా మేడలైపోయింది. ఇవతల మాత్రం పెద్ద కట్టడాలు కట్టొద్దని, చెరువులోకి వచ్చే నీళ్లు చెడిపోతాయని సర్కారు జీవో. కాబట్టి అవతల అద్దాల మేడలు, ఇవతల చామంతి, టమాట, పాలకూర. చాలా ఏళ్లు ఇంతే.

ఆమె భర్త అంజిలయ్యకు ఆ మేడలంటే ప్రాణం. అతనిది రాడ్ బెండింగ్ పని. ఇనుప కడ్డీలు వంచి, కట్టి, స్లాబుకు తయారుచేసే పని. పెళ్లికి ముందే బొంబాయి పోయాడు. కూతురు ఉమారాణి పుట్టాక దుబాయి పోయాడు. తిరిగొచ్చాక కోకాపేటలోనే పని దొరికింది. మూడు ఊళ్ల మేడలు చూసినవాడు కనుక ఎవరు కూర్చున్నా వాటిని పోల్చి చెప్పేవాడు.

"బొంబాయి బిల్డింగులు సముద్రం ఒడ్డుకు నిలబడ్డ జనం లెక్క ఉంటయి. పొట్టోడు, పొడుగోడు, ముసలోడు, అందరు ఒకటే వరుసల. దుబాయిల గట్ల కాదు. ఇసుకల నుంచి సూది లేచినట్టు లేస్తది. కొన చూడాల్నంటే నెత్తి మీది టోపీ పడిపోతది. మన కోకాపేట వాటి ముందట ఇంక చిన్న పోరడు. గని ఎదుగుడు చూడుండ్రి! మొన్న ముప్పై అంతస్తులంటే నోరు తెరిచినం, ఇప్పుడు యాభై దాటినయి."

ఇట్లా చెప్తుంటే వినేవాళ్లు గుడ్లప్పగించి వినేవాళ్లు. శంకరమ్మ లోపలి నుంచి అరిచేది.

"నువ్వు కట్టిన బిల్డింగులల్ల ఒక్కదాంట్లనన్న ఒక్క పూట పండుకున్నవా?"

"పని అయినంక మమ్ముల లోపటికి రానిస్తరా?" అని అతను నవ్వేవాడు.

ఆమెకు ఆ నవ్వు చూస్తేనే మండేది. మండదా మరి? అతను దుబాయిలో ఉన్న ఏళ్లలో బోరు ఎండిపోతే కొత్తది వేయించింది ఆమె. అత్తకు పక్షవాతం వస్తే దవాఖానకు ఎత్తుకుపోయింది ఆమె. జొన్న, కంది మానేసి చామంతి పెడదామని ఊళ్లో అందరికంటే ముందు తెగించిందీ ఆమే. అతను అక్కడి నుంచి ఫొటోలు పంపేవాడు. ప్రతి ఫొటోలో వెనక పెద్ద టవర్. టవర్ కొస దాకా పడాలని కెమెరా పైకెత్తడంతో అతని మొహం గడ్డం దగ్గరో ముక్కు దగ్గరో తెగిపోయేది. "మొగుని మొఖం పంపుమంటే గోడ పంపుతడు" అని ఆమె ఆ ఫొటోలను బియ్యం డబ్బా వెనక పడేసేది.

అయినా ఇద్దరూ బాగానే బతికారు. ఉమారాణి డిగ్రీ చదివి గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో కుదురుకుంది. రోజూ స్కూటీ మీద పోయొస్తుంది. చామంతి బాగా వచ్చింది. గుడిమల్కాపూర్ మార్కెట్లో శంకరమ్మ పూలంటే బేరమాడకుండా తీసుకునే షావుకార్లు ఉన్నారు. చేనుకు పోయే బాట బావ సంగయ్య చేలోంచి. సంగయ్య అంజిలయ్యకు అన్న. రెండిళ్లకు నడుమ ఒకటే గోడ, రెండు చేలకు నడుమ ఒకటే గట్టు. ఆ బాట మీద ట్రాలీ ఆటో వచ్చి పూలు ఎత్తుకుపోయేది. ఎవరూ ఎన్నడూ ఎవరి అనుమతీ అడగలేదు.

ఆ ఏడు దీపావళికి ముందు, కోతలు జోరుగా ఉన్నప్పుడు, బాట మీద ఒక కారు ఆగింది. మెడలో కెమెరా వేసుకున్న ఒక మనిషి దిగాడు.

"పూల రైతుల మీద వీడియో చేస్తున్నం అక్కా. ఒక్క రెండు ఫొటోలు."

శంకరమ్మకు తీరిక లేదు. ఆటో వచ్చే టైం. కానీ అంజిలయ్య ఆ రోజు సెలవులో ఉన్నాడు. కెమెరా మనిషిని గుండురాయి మీదికి ఎక్కించి అవతలి మేడలన్నీ చూపించాడు. ఏది ఎంత ఎత్తో, ఏది ఎప్పుడు లేచిందో చెప్పాడు. ఆ మనిషి సంతోషపడి, ఆమెను రాయి పక్కన, మేడలు వెనక వచ్చేట్టు నిలబెట్టమన్నాడు.

పూలు ప్లాస్టిక్ డబ్బాల్లో ఉన్నాయి. "వెదురు గంప లేదా?" అన్నాడు. పాత గంప ఒకటి గుడిసెలో ఉంటే అంజిలయ్యే వెతికి తెచ్చాడు.

"దాన్ని నెత్తి మీద పెట్టుకోండి అక్కా."

"మేం నెత్తి మీద మోసుడు ఎన్నడో ఇడిసిపెట్టినం. ఆటోల పోతయి."

"ఫొటోకే అక్కా."

చీర మీద ఆమె అంజిలయ్య పాత ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని ఉంది. కోతకు పోయే ఆడవాళ్లందరూ అట్లాగే తొడుక్కుంటారు. అది తీసేయమన్నాడు. తర్వాత చెప్పులు విడవమన్నాడు.

"ముండ్లున్నయ్ బిడ్డా, కనబడ్తలేదా?"

"ఒక్క నిమిషమే గదనే," అన్నాడు అంజిలయ్య. "ఫొటో దిగితే ఏం పోతది? ఇడువు."

ఆమె విడిచింది. ఎండలో కళ్లు చికిలించి, కాలికింద గుచ్చుకుంటుంటే నొసలు ముడిచి, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని నిలబడింది. ఫొటో అయిపోయింది. కారు పోయింది. ఆ పూట ఆటో ఆమెకోసం ఆగకుండా పోతే మొగుణ్ణి ఊరంతా వినబడేలా తిట్టింది. తర్వాత ఆ సంగతి మరిచిపోయింది.

మరుసటి ఏడు వానాకాలం ముందు జీవో ఎత్తేస్తారన్న మాట గట్టిగా వినబడింది. మొయినాబాద్ మీంచి పోయే బీజాపూర్ రోడ్డు పొడుగునా ఎన్నడూ చూడని కార్లు ఆగడం మొదలైంది. చెట్టు కింద ఒక కుర్చీ, ఒక బ్యానరు, దాని మీద వెంచర్ పేరు. అట్లాంటి రోజుల్లో ఒకనాడు పొద్దున ఉమారాణి ఫోన్ చేసింది.

"అమ్మా, నీ ఫొటో పెట్టిండ్రే. మొయినాబాద్ దాటినంక, రోడ్డు మీద. ఇంత పెద్దది."

శంకరమ్మ కోత మధ్యలో ఆపి అంజిలయ్యను వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది. ఉమారాణి ఆఫీసుకు పోకుండా అక్కడే నిలబడి ఉంది. రోడ్డు పక్కన ఇనుప స్తంభాల మీద ఇల్లంత హోర్డింగు. మూడు వరుసలు, వరుసకు రెండు ఫొటోలు. పైవరుసలో షాంఘై: ఒక పక్క నది ఒడ్డున పొలాలు, రెండో పక్క మేడలు. నడుమ వరుసలో దుబాయి: ఒక పక్క ఇసుక, రెండో పక్క మేడలు. కింది వరుసలో మొయినాబాద్. ఒక పక్క నెత్తిన గంపతో, చెప్పుల్లేకుండా, మొహం ముడుచుకుని శంకరమ్మ; వెనక ఉన్న కోకాపేట మేడలను తుడిచేశారు. రెండో పక్క అదే గుండురాయి, అదే గట్టు, కానీ చేను లేదు. చేను ఉన్న చోట మబ్బుల దాకా మేడలు.

"ఏమని రాసిండ్రు? చదువు," అంది శంకరమ్మ.

"షాంఘై నిన్న, షాంఘై ఇయ్యాల. దుబాయి నిన్న, దుబాయి ఇయ్యాల. మొయినాబాద్ నిన్న, మొయినాబాద్ రేపు." ఉమారాణి గొంతు తగ్గించి చదివింది. రోడ్డు మీద అందరూ వింటున్నారు.

"నేనెందుకు మట్టి రంగుల ఉన్న?"

"పాత ఫొటో లెక్క కనబడాలని అట్ల చేస్తరమ్మా."

"ఎప్పటి పాత? మొన్న దీపావళికి తీసిండు గద!"

అంజిలయ్య మాత్రం మెడ వెనక్కి వంచి హోర్డింగునే చూస్తున్నాడు.

"ఏమన్న గానీ, నిన్ను షాంఘై పక్కన పెట్టిండ్రే," అన్నాడు.

శంకరమ్మ అతని దిక్కు ఒక్కసారి చూసి ఆటో కోసం నిలబడకుండా ఇంటిదాకా నడిచిపోయింది. ఆ రాత్రి వంట చేసింది, వడ్డించలేదు.

మొదట ఊళ్లోవాళ్లు తమాషాగా తీసుకున్నారు. "సినిమా స్టార్ అయినవ్ శంకరమ్మా" అని పిలిచారు. తర్వాత మాట మారింది. ఒకనాడు కూలీలు రాలేదు. ఎందుకు రాలేదని అడగబోతే ఒకామె, "చేను అమ్ముకున్నవంట గదా, ఇంక కోతలేం ఉంటయని చేవెళ్ల దిక్కు పనికి ఒప్పుకున్నం" అంది. కిరాణా కొట్టులో ఇంకొకడు "మాకు మాటమాత్రం చెప్పకపోతివి" అని నిష్ఠూరమాడాడు. ఎవరికి ఎంత చెప్పినా నమ్మలేదు. ఫొటో ఉంది కదా! ఒప్పుకోకపోతే ఫొటో ఎట్లా దిగుతుంది?

తర్వాత వారంలో అసలు సంగతి బయటపడింది. సంగయ్య చేలో కొలతల మనుషులు దిగారు. ఎర్ర రంగు పూసిన రాళ్లు పాతుతున్నారు. శంకరమ్మ గట్టు దాటి పరుగున పోయింది. సంగయ్య ఒక మూల మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంది బావా ఇది?"

"అగ్రిమెంట్ అయ్యింది."

"ఎవ్వరికి? ఎందుకు?"

"ఎందుకంటే ఏం జెప్పాలె." ఆయన తల ఎత్తలేదు. "కంపెనోళ్లు ఇంటికొచ్చి నీ ఫొటో చూపెట్టిండ్రు. తమ్ముని పెండ్లామే ఒప్పుకున్నది, ఇంక నువ్వొక్కనివి గోడల నడుమ ఎట్ల బతుకుతవు, నీ చేనుకు నీళ్లెట్ల, బాటెట్ల అన్నరు. సంతకం చేసిన."

"నన్ను అడుగకపోతివా? గోడ అవతల ఉంట నేను! పిలిస్తే పలుకుత గద!"

"నువ్వు చెప్పకుండ అమ్మినవని నాకు కోపమొచ్చింది. అందుకే అడగలె."

శంకరమ్మ అక్కడే గట్టు మీద కూలబడింది. తర్వాత లేచి ఆ ఎర్రరాళ్లలో ఒకదాన్ని రెండు చేతులా పీకి అవతల విసిరింది. కొలతల మనుషులు మళ్లీ తెచ్చి పాతారు. ఆమె మళ్లీ పీకింది. సంగయ్య భార్య రామమ్మ వచ్చి ఆమెను పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

మరునాడు శంకరమ్మ వెంచర్ ఆఫీసుకు పోయింది. అంజిలయ్య రానన్నాడు. "నన్ను అక్కడ నిలబెట్టింది నువ్వే. నువ్వు రావాలె" అంటే వెంట నడిచాడు.

ఆఫీసంతా చల్లగా ఉంది. నడుమ బల్ల మీద మొయినాబాద్ బొమ్మ. పచ్చ రంగు పూసిన గడ్డి, నీలం అద్దాల మేడలు. గోడ మీద పెద్ద టీవీలో ఊళ్లు మారిపోతున్నాయి. న్యూయార్క్, హాంగ్‌కాంగ్, సింగపూర్, దుబాయి, ఆ తర్వాత హైదరాబాద్. మేనేజర్ లేచి ఎదురొచ్చాడు. సిటీ మనిషి, మాట మెత్తన.

"రండమ్మా, రండి! మా హీరోయిన్ మీరే. కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. అంజిలయ్య అప్పటికే టీవీ ముందుకు పోయాడు. దుబాయి వచ్చినప్పుడు వేలు పెట్టి చూపించాడు. "గీ మూలకున్నది చూడుండ్రి, గిదే హోటల్! నలభై అంతస్తులు. దీని రాడ్ అంత మా గ్యాంగే కట్టింది."

"వెరీ గుడ్!" అన్నాడు మేనేజర్. "చూశారా అమ్మా, మీవారికి వెంటనే అర్థమైంది. ఇంకో పదేళ్లలో మన స్కైలైన్ దుబాయితో పోటీ పడుతుంది. మీ చేను దగ్గర నిలబడి చూస్తే ఇంకా బాగా…"

"నిన్న అంటే ఏంది సారు?" శంకరమ్మ మధ్యలోనే అడిగింది.

"ఏంటమ్మా?"

"నా ఫొటో కింద నిన్న అని రాసినరట. నేను ఇయ్యాల పొద్దుగాల గూడ పూలు కోసి మార్కెట్‌కు పంపిన. రేపు గూడ పంపుత. నేను నిన్నటిదాన్ని ఎట్లయిత?"

"అది కాన్సెప్ట్ అమ్మా."

"నా చేన్ల మీ బిల్డింగు ఎట్ల పెట్టిండ్రు? ఎవల్ని అడిగిండ్రు?"

"అది ఆర్టిస్ట్ ఊహ. ఊహాచిత్రమని కింద చిన్న అక్షరాల్లో వేశాం కూడా."

"ఆ చిన్న అక్షరాలు మా బావకు కనబడలె. నా మొఖం కనబడ్డది. నా మొఖం చూసి సంతకం పెట్టిండు. మీ మనుషులు నా మొఖం చూపెట్టి పెట్టించిండ్రు!"

ఆఫీసులో ఉన్న ఒకరిద్దరు కొనేవాళ్లు తల తిప్పి చూశారు. మేనేజర్ గొంతు తగ్గించి అంజిలయ్య దిక్కు తిరిగాడు.

"మీరైనా చెప్పండి. మీరు లోకం చూసిన మనిషి. ఇది నెగెటివ్ ఫొటో కాదు. అసలు మా టీమ్‌లో అందరికీ నచ్చింది ఆ ఫొటోనే. ఆ కాళ్లకు చెప్పుల్లేకుండా, ఆ మొహం, ఆ గంప… వెనకబాటు అట్లా కళ్లకు కట్టాలి. అప్పుడే కదా పక్కన టవర్లు పెడితే తేడా తెలిసేది."

అంజిలయ్య చేయి టీవీ మీది నుంచి దిగిపోయింది.

"చెప్పులు ఉండె," అన్నాడు. "ఆమెకు చెప్పులు ఉండె సార్. మీ కెమెరా ఆయన ఇడువుమన్నడు. నేను ఇడిపిచ్చిన."

"అదే చెప్తున్నా…"

"ఆ ఫొటో తీసెయ్యుండ్రి."

"వారంలో చూద్దాం."

"చూసుడు కాదు సార్. తీసెయ్యుండ్రి."

బయటికి వచ్చి చిల్కూరు ఆటో ఎక్కారు. గుడికి పోయేవాళ్లతో ఆటో నిండిపోయింది. చివరి సీట్లో ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. అప్పుడు అంజిలయ్య ఎన్నడూ చెప్పని ఒక సంగతి చెప్పాడు. దుబాయిలో ఆ హోటల్ తెరిచిన నాడు పనోళ్లందరినీ వాళ్లుండే క్యాంపులో పెట్టి గేటు వేశారట. ఎవరెవరో పెద్దవాళ్లు వస్తారు, ఫొటోలు తీస్తారు, వీళ్ల బట్టలు ఫొటోల్లో పడొద్దని. తెల్లారే దాకా గేటు తీయలేదు. క్యాంపు కిటికీలోంచి హోటల్ పైన పటాకులు పేలుతుంటే చూశారు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలె?" అని అడిగింది శంకరమ్మ.

"ఇది చెప్తే ఎవడు ఇంటడు? టవర్ గురించి చెప్తే నలుగురు కూసోని ఇంటరు."

ఆమెకు ఏడుపు రావలసింది. కోపమే వచ్చింది. ఆ గేటు వేసిన వాళ్ల మీద, ఆ కెమెరా మనిషి మీద, ఇన్నేళ్లు ఇంటి ముందు కూర్చుని ఆ మేడలను పొగిడిన మొగుడి మీద. "నీకు సిగ్గు లేకపాయె" అంది. ఆటోలో అందరూ వినేట్టుగానే అంది. అతను తల ఊపాడు.

వారం పోయింది. హోర్డింగు అట్లాగే ఉంది. ఇంకో వారం పోయింది. దాని కింద ఇంకొక బ్యానరు కూడా వచ్చింది, "కొన్ని ప్లాట్లే మిగిలాయి" అని. మేనేజర్ ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఒక ఆదివారం, చిల్కూరు పోయే కార్లతో రోడ్డు కిటకిటలాడే వేళ, అంజిలయ్య పనికి వేసుకునే బూట్లు వేసుకున్నాడు. నడుముకు తాడు కట్టుకుని, కొడవలి దోపుకున్నాడు. శంకరమ్మ వెంట నడిచింది. ఉమారాణి "కేసు పెడ్తరు నాయినా" అంటూ స్కూటీ మీద వెనకే వచ్చింది.

నలభై అంతస్తుల మీద నిలబడి కడ్డీలు కట్టినవాడికి ఆ ఇనుప చట్రం ఒక లెక్కా? చూస్తుండగానే పైకి పోయాడు. కార్లు ఆగాయి. జనం ఫోన్లు పైకెత్తారు.

"ఏం తీస్తున్నరు?" శంకరమ్మ వాళ్ల మీద విరుచుకుపడింది. "నా ఫొటో సాలలేదా మీకు? దించుండ్రి ఫోన్లు!"

ఎవరూ దించలేదు. పైన అంజిలయ్య కొడవలితో కింది వరుస కోయడం మొదలుపెట్టాడు.

"అంత చింపు!" అని కింది నుంచి అరిచింది. "ఒక్కటి మిగలొద్దు. షాంఘై గూడ చింపు!"

అతను షాంఘై కూడా చింపాడు. దుబాయి దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత దాన్ని అడ్డంగా, నిలువుగా కోశాడు. ఫ్లెక్సీ ముక్కలు రోడ్డు పక్కన పడుతుంటే ఊళ్లోవాళ్లు అప్పటికప్పుడే చుట్టలు చుట్టి తీసుకుపోయారు. షాంఘై ముక్క ఇప్పటికీ ఒకరి గడ్డివాము మీద ఉంది. శంకరమ్మ బొమ్మ ఉన్న ముక్క మాత్రం ఆమె ఎవరినీ తీసుకోనివ్వలేదు. అక్కడే తుప్పల పక్కన అగ్గి పెట్టింది. నల్లటి పొగ, ప్లాస్టిక్ కంపు. కళ్లు మండుతున్నా అది కాలే దాకా కదలలేదు.

సాయంత్రం పోలీసులు పిలిచారు. స్టేషన్లో మేనేజర్, ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఎస్సై కాగితం చూసి, "ఆస్తి ధ్వంసం అని ఇచ్చారమ్మా" అన్నాడు.

"ఎవరి ఆస్తి సారు? నా మొఖం నేను చింపుకున్న."

ఎస్సై నవ్వాడు.

"నవ్వకుండ్రి," అంది శంకరమ్మ. "మా ఇంట్ల అన్నదమ్ములు ఇయ్యాల మాట్లాడుకుంటలేరు. మా చేనుకు బాట పోతున్నది. మా కూలోళ్లు మమ్ముల నమ్ముతలేరు. ఇదంత ఒక్క ఫొటోతోని అయ్యింది. నవ్వేటిది ఏమున్నది దీంట్ల?"

ఎస్సై నవ్వు ఆపాడు. ఎప్పుడు తీశారు, ఆమె ఒప్పుకున్నట్టు ఏమైనా ఉందా, ఆ మేడలకు అనుమతి వచ్చిందా అని మేనేజర్ను అడిగాడు. మేనేజర్ ఫోన్ తీసి పక్కకు పోయి మాట్లాడొచ్చాడు. అప్పటికే అంజిలయ్య హోర్డింగు ఎక్కిన వీడియో ఫోన్లలో తిరుగుతోంది. అది పెద్దదైతే తమకే నష్టమని వాళ్లకు తెలిసిపోయింది. కేసు వద్దన్నారు, ఫొటో ఇంకెక్కడా వాడబోమన్నారు. అంతే. తప్పయిందన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. శంకరమ్మ ఆ మాట కోసమే కుర్చీలో చాలాసేపు కూర్చుంది. మేనేజర్ కారెక్కి పోయాడు.

అందరూ ఆమె గెలిచిందన్నారు. ఏం గెలిచింది? సంగయ్య అగ్రిమెంట్ ఆగలేదు. ఆయన పోయి బతిమాలాడు, కంపెనీవాళ్లు వినలేదు. రిజిస్ట్రేషన్ అయింది. ఆ చేను చుట్టూ సిమెంట్ పలకల గోడ వచ్చింది. బాట మూసేశారు. బాట కోసం పెట్టుకున్న దరఖాస్తు ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంది. ఆటో ఇప్పుడు చేను దాకా రాదు. పూల డబ్బాలు వేరేవాళ్ల గట్ల మీంచి చుట్టూ తిరిగి మోసుకుపోవాలి. గోడ లోపల మేడలు లేవు, ఏమీ లేవు. ఒక గేటు, ఒక కాపలా మనిషి, మోకాలెత్తు గడ్డి. రోడ్డు మీద మాత్రం కొత్త హోర్డింగు వచ్చింది. అందులో ఎవరో అమ్మాయి, మెరిసే చీర, నెత్తిన గంప, నవ్వుతూ ఉంది. పక్కన మళ్లీ అవే మేడలు.

అంజిలయ్య కోకాపేట పని మానలేదు. మానితే ఇల్లెట్లా గడుస్తుంది? కానీ ఇంటి ముందు కూర్చుని మేడలను పోల్చి చెప్పడం తగ్గించాడు. ఎవరైనా అడిగితే, "పోయి చూసుకోండ్రి, రోడ్డు మీదనే ఉన్నయి గద" అంటాడు. సెలవు రోజుల్లో పూల డబ్బాలు మోస్తాడు.

పోయిన కోతల్లో నేను వాళ్ల చేలో ఉన్నాను. పొద్దు కాస్త ఎక్కాక, గట్ల మీంచి చుట్టూ తిరిగి రామమ్మ వచ్చింది. సంగయ్య భార్య. కొంగు నడుముకు చెక్కుకుని సాలు మొదట్లో నిలబడింది.

"పనికి వచ్చిన శంకరీ. ఇంట్ల కూసుంటే పొద్దు పోతలేదు."

శంకరమ్మ తల ఎత్తి చూసింది. కూలీలు చేతులు ఆపేశారు. నిన్నమొన్నటి దాకా పక్క చేను ఆసామి భార్య ఆమె. శంకరమ్మ మొహం ఎర్రబడింది.

"ఆ సాలు పట్టు," అంది.

రామమ్మ వంగి కోయసాగింది. రామమ్మ చేతులు తొందరగా పోతున్నాయి, పూలతో పాటు మొగ్గలూ తెగుతున్నాయి.

"మొగ్గలు తెంపకక్కా!" శంకరమ్మ అరిచింది. "రేపటికి ఏముంటది మల్ల? ఎన్నేండ్లు చేసినవ్ ఎవుసం, మొగ్గకు పువ్వుకు తేడా తెల్వదా?"

రామమ్మ చేయి ఆగింది. చెంగుతో మొహం తుడుచుకుంది. "మీ బావ ఆ గోడ దిక్కు చూస్తలేడు శంకరీ. అటు పోవాల్సొస్తే తల వంచుకొని పోతడు."

"చూడకపోతే గోడ కూలుతదా?"

శంకరమ్మ తన సాలు వదిలి వచ్చి ఆమె పక్కన వంగింది. విచ్చిన పువ్వు తొడిమను రెండు వేళ్లతో ఎట్లా పట్టుకోవాలో, మొగ్గను ఎట్లా తప్పించాలో, ఆమెకు తెలియనట్టే మొదటి నుంచి చూపించింది. గొంతులో కోపం అట్లాగే ఉంది. ఇద్దరూ అదే సాలులో మధ్యాహ్నం దాకా కోశారు.

సంగయ్యతో మాత్రం శంకరమ్మ ఇవాళ్టికీ మాట్లాడదు.